ఉప్పుగాలిలో 486

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ ఎపిసోడ్ లాసన్స్ బే కాలనీలో అక్క వాళ్లింట్లో కూర్చుని రికార్డ్ చేస్తున్నాం, వెనకాల హోరు వినిపిస్తే అది సముద్రమే. ఎదురుగా బల్ల మీద 1990ల నాటి 486 కంప్యూటర్ ఒకటి, పక్కన 14 అంగుళాల డబ్బా టీవీ, గోడ పొడవునా మూతలు బిగించిన ప్లాస్టిక్ డబ్బాలు. అక్కా, పాత కంప్యూటర్లు దాచుకునేవాళ్లు బెంగళూరులోనూ ఉన్నారు, హైదరాబాద్‌లోనూ ఉన్నారు. మన వైజాగ్‌లో తేడా ఏంటి?

అక్క: ఉప్పు. వంటింట్లో ఉప్పు జాడీ చూశావు కదా, వేసవి మధ్యాహ్నం పొడిపొడిగా ఉంటుంది, వానలు పడ్డాయంటే తడిసి ముద్దవుతుంది. గాల్లో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని లాక్కుని నీరు కారిపోతుంది. ఇప్పుడు అదే ఉప్పు సముద్రం మీద నుంచి గాలితో వచ్చి మదర్‌బోర్డు మీద కంటికి కనపడనంత పల్చగా పేరుకుందనుకో. వానాకాలం వచ్చేసరికి బోర్డు మీద ఉప్పునీళ్ల పొర తయారైనట్టే. రాగి గీతలన్నిటికీ చిలుము పడుతుంది. బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ ఉంది చూడు, 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసింది. అంత ఇనుమునీ ఈ గాలికి అలా వదిలేయలేం, రంగు వేసి చూసుకుంటూ ఉండాలి. ఇక బోర్డు మీద రాగి మందం ఎంత? మామూలుగా 35 మైక్రాన్లు. తల వెంట్రుకలో సగం.

హోస్ట్: అందుకేనా ఈ డబ్బాలు?

అక్క: ఆ, ప్రతి దాంట్లో సిలికా జెల్ ఉంటుంది. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగాయంటే తేమ పీల్చేశాయని అర్థం, ఓవెన్‌లో సన్నని వేడి మీద ఆరబెట్టి మళ్లీ వేస్తాను. డబ్బాలో పెట్టేసి మర్చిపోవడం మాత్రం పనికిరాదు. అది నాకు ఈ 486తోనే తెలిసింది.

హోస్ట్: నాన్నగారిదే కదా ఇది?

అక్క: నాన్నదే. స్టీల్ ప్లాంట్‌లో చేసేవారు, మేము ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. 1996లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 66 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 8 ఎంబీ ర్యామ్. కాలనీ పిల్లలందరూ డేవ్ అనే గేమ్ ఆడటానికి మా ఇంటికొచ్చేవాళ్లు, చెప్పులు గుమ్మం బయట వరసగా ఉండేవి. తర్వాత కొత్త కంప్యూటర్ వచ్చింది, ఇది అటక ఎక్కింది. దుప్పటి కప్పి, తాడు కట్టి, చాలా జాగ్రత్తగా పెట్టాం అనుకున్నాం. 2012లో నేను కిందకి దింపి ఆన్ చేస్తే కీబోర్డ్ ఎర్రర్ అని వచ్చింది. వేరే కీబోర్డు పెట్టినా అంతే. మూత విప్పితే అప్పుడు కనపడింది.

హోస్ట్: ఏంటి?

అక్క: బ్యాటరీ. ఆ కాలం బోర్డుల మీద టైమ్, సెట్టింగ్స్ గుర్తుంచుకోవడానికి చిన్న పీపాలాంటి నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉండేది, 3.6 వోల్టులది, బోర్డుకే టంకం వేసి. మిషన్ వాడుతుంటే ఛార్జ్ అవుతుంటుంది, ఏళ్ల తరబడి వాడకపోతే పూర్తిగా దిగిపోయి, కారడం మొదలుపెడుతుంది. కారేది క్షారం. చాలా బోర్డుల్లో ఈ బ్యాటరీ కీబోర్డు సాకెట్ పక్కనే ఉంటుంది, అందుకే ముందు కీబోర్డు పోతుంది. నాన్న బోర్డు మీద అరచేయంత మేర నీలం, ఆకుపచ్చ కలిసిన పొడి, మైలతుత్తంలా. గోరుతో గీకితే కింద గీత కూడా ఊడి వచ్చేసింది. ఆ రోజు అన్నం తినలేదు నేను.

హోస్ట్: మరి ఎలా బాగుచేశావు?

అక్క: ముందు బ్యాటరీ తీసేశాను. క్షారానికి విరుగుడు పులుపు కదా, తెల్ల వెనిగర్‌లో పాత టూత్‌బ్రష్ ముంచి ఆ పొడి పోయేదాకా రుద్దాను. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఇది మందుల షాపులో అమ్మే స్పిరిట్ కాదు, సెల్‌ఫోన్ రిపేరు వాళ్లు వాడే 99 శాతం రకం. బాగా ఆరాక మల్టీమీటర్ పెట్టి ఒక్కో గీతా ఎక్కడ తెగిందో వెతకడం, తెగినచోట 30 గేజ్ వైరుతో అతకడం. పదకొండు గీతలు పోయాయి, నాకు మూడు వారాలు పట్టింది. ఇప్పుడు బ్యాటరీ బోర్డు మీద లేదు, వైరు లాగి క్యాబినెట్ మూలకి పెట్టాను. ఎవరైనా ఇలా నాణెం బ్యాటరీ పెట్టాలనుకుంటే దారిలో డయోడ్, అంటే కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం, తప్పకుండా వెయ్యండి, ఎందుకంటే బోర్డు దాన్ని ఛార్జ్ చేయాలని చూస్తుంది, ఆ రకం ఛార్జ్ చేయకూడదు.

హోస్ట్: వినేవాళ్ల ఇంట్లో ఇలాంటి మిషన్ ఉంటే?

అక్క: ఈ ఎపిసోడ్ ఆపి, వెళ్లి ఆ బ్యాటరీ తీసెయ్యండి. నిజంగా చెప్తున్నాను. మిగతాదంతా తర్వాత చూసుకోవచ్చు.

హోస్ట్: హుద్‌హుద్ తుపాను అప్పుడు ఇవన్నీ ఇక్కడే ఉన్నాయా?

అక్క: ఇదే గదిలో. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ కిటికీ అద్దం పగిలి నీళ్లు అడ్డంగా కొట్టాయి, మంచం, బీరువా, మిషన్లు, అన్నీ తడిసిపోయాయి. నోట్లో పడితే ఉప్పగా ఉన్నాయి ఆ నీళ్లు. మర్నాడు ఊరంతా చెట్లు కూలి, స్తంభాలు ఒరిగి, రోజుల తరబడి కరెంటు లేదు. నేను ఇవి పోయాయనే అనుకున్నాను. కానీ ఆలోచిస్తే, కరెంటు లేకపోవడమే వీటిని కాపాడింది. ఉండి ఉంటే ఆత్రంకొద్దీ ఆ రాత్రే ఏదో ఒకటి ఆన్ చేసి చూసేదాన్ని, తడి మీద కరెంటు పడితే కాలిపోయేవి. ఇన్వర్టర్ బ్యాటరీ కోసం తెచ్చిన డిస్టిల్డ్ వాటర్ రెండు క్యాన్లు ఉన్నాయి ఇంట్లో. బోర్డులన్నీ విప్పి వాటితో కడిగి, అమ్మ వడియాలు పెట్టే చీర మేడ మీద పరిచి ఆరబెట్టాను. ఎనిమిది బోర్డుల్లో ఏడు బతికాయి.

హోస్ట్: తడిసిన బోర్డుని నీళ్లతో కడగడం అంటే చాలామంది నమ్మరేమో.

అక్క: మంచినీళ్లు బోర్డుని చంపవు తమ్ముడూ, లోపల ఉండిపోయిన ఉప్పు చంపుతుంది. ఆరేదాకా ఓపిక పట్టాలి, అంతే.

హోస్ట్: నేను నా డబ్బా తెచ్చాను చూడు. టీవీ గేమ్. స్టార్ట్ అవుతుంది కానీ బొమ్మంతా గీతలు. చిన్నప్పుడైతే క్యాసెట్ తీసి ఊదేవాళ్లం, వచ్చేసేది.

అక్క: ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినందుకు వచ్చేది. పిన్నులు కొత్తచోట రాసుకుని కాంటాక్ట్ దొరికేది. నోటి తడి మాత్రం ఆ పిన్నుల మీదే ఉండిపోయి నల్లబరుస్తుంది. ఇది జపాన్‌లో 1983లో వచ్చిన ఫ్యామికాం అనే టీవీ గేమ్‌కి కాపీ, క్యాసెట్‌కి 60 పిన్నులు. ఇయర్ బడ్ ఇలా ఆల్కహాల్‌లో ముంచి, అడ్డంగా కాదు, పిన్ను పొడవునా నిలువుగా రుద్దు. చూశావా, దూది ఎంత నల్లగా వచ్చిందో. ఇంకోటి తీసుకో. దూది తెల్లగా వచ్చేదాకా.

హోస్ట్: దీని మీద 9999 ఇన్ 1 అని ఉంది.

అక్క: లోపల పాతికో ముప్పయ్యో ఉంటాయి, అవే మళ్లీ మళ్లీ లెవెల్ మార్చి. అయినా వాటిలో మారియో ఉంది చూడు, 1985 నాటిది, మొత్తం గేమ్ 40 కేబీ. నువ్వు పొద్దున్నే వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫోటో అంతకంటే పెద్దది. ఎనిమిది ప్రపంచాలు, పాటలు, అన్నీ ఆ 40 కేబీలో పట్టించారు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

హోస్ట్: ఈ డబ్బా టీవీ ఎందుకుంచావు? చోటు తినేస్తుంది కదా.

అక్క: బాతుల గేమ్ కోసం. తుపాకీ ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చతురస్రం వెలుగుతుంది, తుపాకీలోని సెన్సర్ ఆ వెలుగుని పట్టుకుంటుంది. ఆ టైమింగ్ అంతా పిక్చర్ ట్యూబ్‌కి తగ్గట్టు చేసింది, ఎల్‌సీడీ టీవీలో ఎంత గురిపెట్టినా బాతు పడదు. కానీ ఈ టీవీ మూత మాత్రం ఎవరూ ఊరికే విప్పకండి, ట్యూబ్‌లో వేల వోల్టులుంటాయి, ప్లగ్ తీసేసినా కొంత నిలిచే ఉంటుంది.

హోస్ట్: ఇంకా నీ దగ్గర ఏమున్నాయి?

అక్క: బీబీసీ మైక్రో అనే పాత కంప్యూటర్ ఒకటి దొరికింది. 1980లలో మన దేశంలో స్కూళ్లలో కంప్యూటర్ చదువు మొదలైంది దానితోనే, క్లాస్ అనే ప్రాజెక్టులో. తెచ్చిన రోజు ఆగలేక ప్లగ్ పెట్టాను, పావుగంటకి పవర్ సప్లయ్‌లోంచి తెల్లటి పొగ. అందులో ఒక కండెన్సర్ ఉంటుంది, పసుపుపచ్చని పారదర్శకపు పెంకుతో, లోపల కాగితం. పెంకు పాతబడి పగుళ్లిస్తే కాగితం తేమ పీల్చుకుంటుంది, ఆ తర్వాత మెయిన్స్ కరెంటు తగిలితే పేలుతుంది. చూశావా, మళ్లీ తేమే. కండెన్సర్ మార్చాను, బాగానే ఉంది ఇప్పుడు. వాసనే మూడు రోజులు పోలేదు.

హోస్ట్: ఆ ఫ్లాపీలు?

అక్క: నాన్నవి. షట్టర్ జరిపి వెలుగులో తిప్పి చూడు. తెల్లని చుక్కలు కనపడ్డాయా? బూజు. అలాగే డ్రైవ్‌లో పెడితే హెడ్ పాడవుతుంది, ఆ హెడ్ తర్వాత పెట్టిన ప్రతి ఫ్లాపీనీ గీకేస్తుంది. పెంకు తెరిచి, లోపలి డిస్కుని ఆల్కహాల్‌తో తుడిచి, వేరే పెంకులో పెట్టి ఒక్కసారి కాపీ తీసుకుంటాను. పోయిన నెల ఒకటి చదివింది. 1997 నాటి ఇంటి ఖర్చుల లెక్క. పాలు, పేపరు, గ్యాసు, అమ్మ చీటీ, నా ట్యూషన్ ఫీజు. చివర ఒక వరుసలో "చిన్నదానికి కొత్త మౌస్" అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

హోస్ట్: చిన్నది అంటే నువ్వే కదా.

అక్క: నేనే. ఆ మౌస్ ఇదిగో, దీనికే పెట్టాను.

హోస్ట్: ఆన్ చేద్దామా? వినేవాళ్లకి ఆ చప్పుడు వినిపించాలి.

అక్క: చేద్దాం. ముందు లేచి ఆ కిటికీ మూసెయ్యి తమ్ముడూ, గాలి వస్తోంది. ఆ... ఇప్పుడు విను. ఫ్యాన్ అందుకుంది. అది హార్డ్ డిస్క్. ఇప్పుడు మెమరీ లెక్కపెట్టుకుంటోంది, ఆగు, ఆగు... విన్నావా, ఒకటే బీప్.