టెక్సాస్ పల్లెలో మిగిలిపోయిన పోలిష్ మాట

అమెరికాలోని టెక్సాస్‌లో, పన్నా మరియా అనే పల్లె చుట్టుపక్కల, పోలిష్ మూలాలున్న కొంతమంది పెద్దవాళ్ళు విమానాన్ని ఫుర్‌గోచ్ అంటారు. ఇప్పటి పోలండ్‌లో అయితే విమానం అంటే సమోలోత్. మరి ఈ ఫుర్‌గోచ్ ఎక్కడిది అంటే, ఇప్పటి పోలండ్‌లో ఉన్న సైలీషియా ప్రాంతపు యాసలో ఎగరడానికి వాడే మాట నుంచి వీళ్ళే కట్టుకున్నారు, ఎందుకంటే వీళ్ళ పూర్వీకులు ఊరు వదిలింది 1854లో, అప్పటికి విమానమే లేదు కదా.

(స్క్రీన్ మీద మ్యాప్: సైలీషియా)

అప్పట్లో పోలండ్ అనే దేశం మ్యాప్‌లోనే లేదు, మూడు రాజ్యాలు పంచేసుకున్నాయి. అంతకుముందు నుంచే ఈ సైలీషియా ప్రష్యా అనే జర్మన్ రాజ్యం చేతిలో ఉంది. పంటలు పోయాయి, వరదలొచ్చాయి, ధరలు మండిపోతున్నాయి, పైగా కుర్రాళ్ళని సైన్యంలోకి పట్టుకెళ్తారనే భయం. అదే టైంలో టెక్సాస్‌లో ఉన్న లియోపోల్డ్ మొచిగెంబా అనే ఫాదర్, ఆయనదీ అక్కడి ప్లుజ్నిత్సా ఊరే, ఇక్కడ భూములున్నాయి రండి అని ఇంటికి ఉత్తరాలు రాశాడు. అంతే, దాదాపు వంద కుటుంబాలు కదిలాయి.

1854 డిసెంబర్‌లో టెక్సాస్ రేవు గాల్వెస్టన్‌లో ఓడ దిగి, సామాన్లు బళ్ళమీద వేసుకుని, చాలామంది నడుచుకుంటూ, క్రిస్మస్ ముందురోజు శాన్ ఆంటోనియో నది పక్కకి చేరారు. ఇల్లు లేదు, చర్చి లేదు. ఒక పెద్ద ఓక్ చెట్టు కింద మొదటి పూజ చేసుకున్నారు. ఊరికి పన్నా మరియా అని పేరు పెట్టుకున్నారు, అంటే కన్య మరియ. అమెరికాలో ఇప్పటికీ నిలిచి ఉన్న పోలిష్ ఊళ్ళన్నిటిలో ఇదే పాతది.

మొదటి రోజులు తల్చుకుంటేనే గుండె బరువెక్కుతుంది. ఎక్కడ చూసినా ఏపుగా పెరిగిన గడ్డి, అందులో తోక గలగలలాడించే విషపాములు (రాటిల్‌స్నేక్‌లు), తలదాచుకోడానికి గోతులు తవ్వి పైన గడ్డి కప్పుకున్నవాళ్ళున్నారు, తర్వాత 1856లో మొదలైన కరువు. కోపమంతా పిలిపించిన ఫాదర్ మీదకే మళ్ళింది, ఆయన ఊరు వదిలి వెళ్ళిపోవాల్సొచ్చింది. అమెరికా సివిల్ వార్ (అంతర్యుద్ధం) అయ్యాక చుట్టుపక్కల కౌబాయ్‌లు గుర్రాలమీద వచ్చి తుపాకులు పేలుస్తూ భయపెట్టేవాళ్ళు. అయినా ఊరు ఖాళీ అవ్వలేదు.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది భాషే. వీళ్ళు తమ యాసని పో నషిము అంటారు, మన మాట మన పద్ధతి అన్నట్టు. ఇంట్లో అదే, చర్చిలో అదే, చుట్టూ ఉన్న పల్లెల్లో పెళ్ళి సంబంధాలు కూడా వాళ్ళలో వాళ్ళే, అందుకే తరాల తరబడి నిలబడింది. ఇప్పుడు అదే టెక్సాస్‌లో మనవాళ్ళ ఇళ్ళల్లో ఒక్క తరానికే పిల్లలకి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులో వస్తోంది, అందుకే నాకు ఈ ఊరి మీద ఇంత ఇష్టం. వాళ్ళ దగ్గర కూడా ఇప్పుడు మాట్లాడేవాళ్ళు ఎక్కువగా పెద్దవయసు వాళ్ళే.

ఇంకో సంగతి. మొచిగెంబా 1891లో డెట్రాయిట్‌లో చనిపోయాడు, అక్కడే సమాధి చేశారు. 1974లో, అంటే ఎనభై ఏళ్ళు దాటాక, ఆయన అవశేషాల్ని పన్నా మరియాకి తీసుకొచ్చారు. మొదటి పూజ చేసిన చెట్టు దగ్గరే పెట్టారు.