పాత బటన్ ఫోన్ నుంచి 4జీ బటన్ ఫోన్‌కు మారే ముందు

నమస్కారం. నా చేతిలో రెండు బటన్ ఫోన్లు ఉన్నాయి. ఎడమ చేతిలోనిది చిత్తూరు దగ్గరి పల్లెలో ఉండే మా అమ్మ పన్నెండేళ్లు వాడిన 2జీ ఫోన్, కుడి చేతిలోనిది పోయిన నెల తిరుపతిలో కొన్న 4జీ ఫోన్. చూడటానికి రెండూ అక్కాచెల్లెళ్లలా ఉన్నా, మారేటప్పుడు కొన్ని చేతికి వస్తాయి, కొన్ని చేజారుతాయి. అవేమిటో ఈ వీడియోలో చూద్దాం.

జియోకు 2జీ నెట్‌వర్కే లేదు కాబట్టి ఆ సిమ్ పాత ఫోన్‌లో పనిచేయదు, కొత్తదానిలో పనిచేస్తుంది. 4జీలో మాట వోల్టే పద్ధతిలో, అంటే 4జీ డేటా మీదుగానే వెళ్తుంది. అవతలివారిదీ అలాంటి ఫోనే అయితే గొంతు పక్కన కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా వినిపిస్తుంది. అయితే పెట్టె మీద 4జీ అని ఉన్నంత మాత్రాన కొనేయకండి. అదే పెట్టె మీద బ్యాండ్ల, అంటే ఫోన్ అందుకోగల సిగ్నల్ తరంగాల అంకెలు ఉంటాయి: జియోకు 5, 3, 40 కావాలి, బీఎస్‌ఎన్‌ఎల్‌కు ముఖ్యంగా 28, 1 కావాలి. మీ పల్లెలో ఏ సిగ్నల్ అందుతుందో దాన్నిబట్టి చూసుకోండి.

ఇక పోయేవాటి సంగతి. పాత ఫోన్‌కు అమ్మ వారానికొకసారి ఛార్జింగ్ పెట్టేది, దీనికి మూడో రోజే పెట్టాల్సి వస్తోంది. అయిదో అంకె మీది బొడిపెను తడిమి చూడకుండానే నంబరు నొక్కే అలవాటు ఆమెది. కొత్త ఫోన్‌లో ఆ బొడిపె వేలికి తగలనంత పలుచగా ఉంది. "ఇది నాకొద్దు నాయనా, రాత్రిపూట లైటు యాడుందో కానరాలా" అని రెండో రోజే తిరిగి ఇచ్చేసింది. పశువుల పాకలోకి వెళ్లే మనిషికి టార్చి మెనూలో దాక్కుంటే ఎలా? ఇక్కడ చూడండి, సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్ అనే చోట పై బొత్తానికి టార్చిని కేటాయించాను. ఫోన్ చేతికిచ్చే ముందే చేయాల్సిన పని ఇది.

వాట్సాప్ కోసమే మారాలనుకుంటే ఆగండి. కై ఓఎస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే బటన్ ఫోన్లలో ఆ సదుపాయం 2025లో ఆగిపోయింది. డబ్బు పంపడానికి మాత్రం, ఇంటర్నెట్ లేకుండానే బటన్ ఫోన్ నుంచి కాల్ చేసి చెల్లించేందుకు 2022లో వచ్చిన యూపీఐ 123పే ఉంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది సిమ్ దగ్గర. పాత 2జీ కాలపు సిమ్‌కు బదులు 4జీ సిమ్ తీసుకోవాలి, నంబరు మాత్రం అదే ఉంటుంది. మేము వెళ్లిన దుకాణంలో అబ్బాయి అమ్మ ఫోన్‌లోని పేర్లన్నీ సిమ్‌లోకి ఎక్కించి, మరుక్షణమే ఆ సిమ్‌ను తీసి కొత్తది వేశాడు. పాల మనిషి నుంచి మోటారు మెకానిక్ వరకు అందరూ పాత సిమ్‌లోనే ఉండిపోయారు, ఆ సిమ్ చెత్తబుట్ట అంచు దాకా వెళ్లి తిరిగి వచ్చింది. నిజానికి సేవ ఆగిపోయిన సిమ్‌లోని పేర్లు కూడా చదవడానికి వస్తాయి. ఇలా రెండో సిమ్ గదిలో పాతదాన్ని పెట్టి, కాంటాక్ట్స్‌లోకి వెళ్లి, సిమ్ నుంచి ఫోన్‌కు కాపీ అని నొక్కండి. జాబితా మొత్తం కిందివరకు జరిపి చూసుకున్నాకే పాత సిమ్‌ను బయటికి తీయండి.

ఇంకొక విషయం, సిమ్ మార్చిన తర్వాత 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. మోసాలను అడ్డుకోవడానికి పెట్టిన నిబంధన అది. మా ఇంట్లో తిరుమల దర్శనం టికెట్లను చెల్లెలు తన స్మార్ట్‌ఫోన్‌లో బుక్ చేస్తుంది, ఓటీపీ మాత్రం అమ్మ నంబరుకు వస్తుంది. మీ ఇంట్లోనూ అదే పద్ధతి అయితే, టికెట్లు విడుదలయ్యే రోజున గానీ దాని ముందు రోజున గానీ సిమ్ మార్చుకోకండి.