చిట్టెం చల్లారే వేగం

శ్రోతలకు నమస్కారం.

ఫ్యాక్టరీ వ్యర్థాలతో ఇళ్లు కడతారంటే చాలామంది మొహం చిట్లిస్తారు. చెత్త కలిపిన గోడ ఎన్నాళ్లు నిలుస్తుంది, అని. అలా అడగడంలో తప్పేమీ లేదు. కాకపోతే అది ఏ వ్యర్థమో, ఎలా తయారైందో కూడా అడగాలి. వ్యర్థాలు చాలా ఉన్నాయి, నాకున్న సమయం తక్కువ. అందుకని ఈ పూట ఒక్కదాని గురించే చెబుతాను. ఇనుము కరిగించే కొలిమిలో మిగిలే చిట్టెం. ఇంజనీర్ల మాటలో స్లాగ్.

బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుప ఖనిజంతో పాటు కోక్ అనే, బొగ్గుతో చేసిన ఇంధనం, సున్నపురాయి వేస్తారు. ఖనిజంలో ఉన్న మట్టినీ, కోక్ మిగిల్చిన బూడిదనీ ఆ సున్నం తనలో కలిపేసుకుని కరుగుతుంది. ఇనుము బరువు కనుక అడుగుకు దిగుతుంది, చిట్టెం పైన తేలుతుంది. టన్ను ఇనుముకు సుమారు 300 కిలోల చిట్టెం. దాదాపు 1500 డిగ్రీల వేడితో, కాలువ కట్టి, భగభగలాడుతూ బయటికి వస్తుంది.

ఇక్కడి నుంచే అసలు సంగతి. ఆ చిట్టేన్ని గుంటలోకి వదిలేశారనుకోండి, నెమ్మదిగా చల్లారి రాయి అవుతుంది. అణువులు తీరిగ్గా వరుసలు కట్టి స్ఫటికాలైపోతాయి. పగలగొట్టి కంకరగా వాడుకోవచ్చు, అంతే. అదే చిట్టెం మీద జోరుగా నీళ్లు కొడితే? అణువులకు సర్దుకునే వ్యవధే ఉండదు. ఎక్కడివక్కడ బిగుసుకుపోయి గాజవుతుంది. లేత రంగు ఇసుకలా రాలుతుంది. ఆ గాజుకు కుదురు ఉండదు. మెత్తగా పొడి చేసి, నీళ్లూ సున్నమూ తగిలిస్తే చాలు, సిమెంటులాగే గట్టిపడుతుంది. 1862లో జర్మనీలో ఎమిల్ లాంగెన్ ఈ గుణాన్ని గుర్తించాడు. నెమ్మదిగా చల్లారితే కంకర, గబుక్కున చల్లారితే సిమెంటు. కొలిమి అదే, చిట్టెం అదే. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఇది వింతగానే ఉంటుంది.

మరి ఆ సున్నం ఎక్కణ్ణుంచి వస్తుంది? మామూలు సిమెంటు నీళ్లలో కలిసినప్పుడు అదే కొంత సున్నాన్ని వదులుతుంది. అది చిట్టెం పొడిని కదిలిస్తుంది. అందుకే రెండూ కలిపి వాడతారు, సగానికి సగం కలపడం కూడా మామూలే. సిమెంటు కోసం సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాల్చాలి. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే అందులో 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తాయి. కాల్చడానికి వాడిన బొగ్గు పొగ దీనికి అదనం. చిట్టెం పొడి ఎంత కలిపితే ఆ కాల్పు అంత తగ్గుతుంది.

మాటల్లో మాట. స్లాగ్ కాంక్రీటుకు సెంట్రింగ్ విప్పినప్పుడు ఒక్కోసారి నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు కనిపిస్తుంది. ఇల్లు కట్టించేవాళ్లకు ఒకటే టెన్షన్! అది చిట్టెంలోని గంధకం వల్ల వచ్చే రంగు. గాలి తగిలితే క్రమంగా పోతుంది.

థర్మల్ కేంద్రాల బూడిదకు కూడా ఇలాంటి గుణమే ఉంది. అమెరికాలో 1953లో పూర్తయిన హంగ్రీ హార్స్ డ్యామ్ కాంక్రీటులో ఆ బూడిద కలిపారు. ఉక్కు తయారీలో మిగిలే చిట్టెం మాత్రం వేరు. అందులో కలవకుండా మిగిలిన సున్నం తర్వాత ఉబ్బి పగుళ్లు తెస్తుంది. నెలల తరబడి ఆరుబయట నానబెట్టి, పరీక్షించి గాని వాడకూడదు. చిట్టెం చిట్టెమే కదా అనుకుంటే కుదరదు.

ఇక ఇల్లు కట్టించేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి. చిట్టెం కలిసిన సిమెంటుది నిదానం. మొదటి వారంలో బలం తక్కువగానే ఉంటుంది, తర్వాత నెలల పాటు పెరుగుతూ పోతుంది. అలా పెరగాలంటే తడి ఉండాలి. తడి ఆరితే పని ఆగిపోతుంది. మామూలు సిమెంటుకు 7 రోజులు నీళ్లు పెడితే దీనికి కనీసం 10 రోజులు పెట్టాలి. ఎండలు మండుతుంటే 14. సెంట్రింగ్ విప్పడానికీ తొందరపడకూడదు. బస్తా మీద ఏ రకం సిమెంటో రాసి ఉంటుంది. స్లాబ్ వేసే ముందే అది చదివి, ఎన్ని రోజులు తడపాలో, సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలో ఇంజనీరుతో, మేస్త్రీతో మాట్లాడి పెట్టుకోండి. సెలవు.