క్షమించే ఊళ్లో నేరపరిశోధన

సభాధ్యక్షులకు, ఈ పుస్తక సమావేశాన్ని ఇన్నాళ్లుగా ఓపికతో నడుపుతున్న మిత్రులకు, సెలవురోజు మధ్యాహ్నం ఇంతదూరం వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఆధునిక సౌకర్యాలకు చాలావరకు దూరంగా, సాదాగా బతికే ఆమిష్ అనే క్రైస్తవ సమాజం నేపథ్యంగా వచ్చిన నేరకథల గురించి మాట్లాడమని నన్ను అడిగారు. అడగగానే ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది. పెన్సిల్వేనియాలోనూ న్యూజెర్సీలోనూ ఉంటున్న తెలుగువాళ్లం, ఊరినుంచి అమ్మానాన్నలు వస్తే ఆమిష్ వాళ్లుండే లాంకాస్టర్ కౌంటీకి తీసుకువెళ్తాం. గుర్రపు బగ్గీలు చూపిస్తాం. పొలంలో తన పని తాను చేసుకుంటున్న మనిషివైపు ఫోను ఎత్తి ఫొటో తీస్తాం. ఫొటోకు నిలబడటం తమ విశ్వాసానికి విరుద్ధం కనుక ఆ మనిషి మొహం తిప్పుకుంటే, వీళ్లేదో దాస్తున్నారని అనుకుంటాం. ఆ అనుమానంలో చాలా భాగం థ్రిల్లర్లు మనకు అలవాటు చేసిందేనని నా నమ్మకం. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ సంగతే.

కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌ను చదువుతూ పెరిగినవాళ్లు ఈ గదిలో చాలామంది ఉన్నారు. అటువంటి నేరకథ ఏ భాషలో రాసినా దాని అడుగున ఒక ఒప్పందం ఉంటుంది. హంతకుడు దొరకాలని చనిపోయినవారి బంధువులు కోరుకుంటారు, సాక్షి నోరు విప్పితే న్యాయం గెలుస్తుంది, నోరు విప్పనివాడు భయపడుతున్నాడు లేదా నేరంలో పాలుపంచుకున్నాడు. ఆమిష్ ఊళ్లో ఈ ఒప్పందం చెల్లదు. 1693లో యాకోబ్ అమ్మన్ వెంట వేరుపడిన ఈ శాఖకు పూర్వీకులైన అనబాప్టిస్టులను, పెద్దయ్యాక తెలిసి తీసుకునే బాప్తిస్మమే చెల్లుతుందన్నందుకు పదహారో శతాబ్దపు యూరపులో ప్రభుత్వాలే పట్టుకుని మంటల్లో కాల్చాయి, నీట ముంచాయి. ఆ హతసాక్షుల చరిత్రను ఆమిష్ ఇళ్లలో ఇప్పటికీ చదువుకుంటారు. అందువల్ల వారు దెబ్బకు దెబ్బ తీయరు, సాధారణంగా కోర్టుకెక్కి దావా వేయరు, బోనులో నిలబడవలసి వచ్చినా ప్రమాణం చేయరు. అమెరికా చట్టం అనుమతించినట్టు, నిజమే చెబుతానని మాట మాత్రం ఇస్తారు. ఇటువంటి మనిషి తలుపు తట్టిన పోలీసు అధికారికి ఎదురయ్యే మౌనంలో భయం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆ తేడా తెలిసిన రచయితలు కొద్దిమందే.

జోడీ పికో 2000లో రాసిన 'ప్లెయిన్ ట్రూత్'లో లాంకాస్టర్ ప్రాంతపు పశువుల కొట్టంలో చనిపోయిన పసికందు దొరుకుతుంది, పెళ్లికాని ఆమిష్ అమ్మాయిమీద హత్యానేరం పడుతుంది. నగరంనుంచి వచ్చిన న్యాయవాది ఆ అమ్మాయిని కనిపెట్టుకుని అదే పొలంలో ఉండవలసి వస్తుంది. తనను కాపాడుకోవడానికి అబద్ధం కాదు, నిజం చెప్పడానికైనా మొగ్గని ముద్దాయితో న్యాయవాది పడే తిప్పలే ఆ నవలకు ప్రాణం. లిండా కాస్టిల్లో 2009లో మొదలుపెట్టిన కేట్ బర్క్‌హోల్డర్ నవలలది ఇంకొక దారి. ఒహాయోలో ఒక కల్పిత పట్టణానికి పోలీసు చీఫ్ అయిన కేట్, ఆమిష్ ఇంట పుట్టి ఆ జీవితాన్ని వదిలి వచ్చిన మనిషి. చిన్నతనంలో తనమీద జరిగిన దాడిని, దానికి ఆమె ఇచ్చిన జవాబును ఇంట్లోవాళ్లు బయటికి పొక్కనివ్వలేదు. మొదటి నవలలో, ఆ రోజుల్లో ఊళ్లో జరిగిన హత్యల్లాంటివే పదహారేళ్ల తర్వాత మళ్లీ మొదలైనప్పుడు పరిశోధించవలసింది ఆమే. వెలుపలి చూపు, లోపలి జ్ఞాపకం ఒకే మనిషిలో పెట్టడం గొప్ప ఎత్తుగడ. అయితే శవాల వర్ణనలో ఆ నవల చూపిన క్రూరత్వం అవసరమా అని నాకిప్పటికీ సందేహమే.

ఈ రెండింటినీ వివరంగా పోల్చాలని రాసుకుని వచ్చాను. కానీ 'విట్నెస్' సినిమా దగ్గరికి వచ్చేసరికి నేను అక్కడినుంచి కదలలేను, దయచేసి మన్నించండి. 1985లో పీటర్ వీర్ తీసిన ఆ సినిమాలో ఆమిష్ పిల్లవాడు సామ్యూల్ ఫిలడెల్ఫియా రైల్వేస్టేషన్లో హత్యను కళ్లారా చూస్తాడు. పోలీసు స్టేషన్లో అద్దాల బీరువాలో ఉన్న ఒక ఫొటో ముందు ఆగిపోయి వేలు చూపిస్తాడు. హంతకుడు పోలీసే. ఆ కేసు పరిశోధిస్తున్న పోలీసు జాన్ బుక్ గబుక్కున ఆ వేలిని తన చేత్తో కప్పి కిందికి దించుతాడు. సాక్ష్యం కోసం పిల్లవాణ్ని తెచ్చిన వ్యవస్థే ఆ సాక్ష్యానికి శత్రువని ఒక్క మాట లేకుండా మనకు తెలిసిపోతుంది. ఇంక చివరి ఘట్టం చూడండి. బుక్ తలదాచుకున్న సామ్యూల్ వాళ్ల పొలంలోకి ఆ దుర్మార్గపు పోలీసులు తుపాకులతో వస్తారు. వారిలో ఇద్దరిని బుక్ చంపక తప్పదు, ఒకణ్ని గాదెలో ధాన్యం కింద, మరొకణ్ని తుపాకితో. అక్కడితో కథ ముగిస్తే అది వంద సినిమాల్లో ఒకటి. కానీ ఈలోగా సామ్యూల్ ఇంటి గంట మోగిస్తాడు. చుట్టుపక్కల పొలాల్లోంచి ఆమిష్ వాళ్లు పరుగున వస్తారు. ఎవరిచేతిలోనూ ఆయుధం లేదు. ఎవరూ ఎవరినీ ముట్టుకోరు. నిలబడి చూస్తారు, అంతే. ఇంతమంది చూస్తుండగా ఎంతమందిని చంపుతావన్న ప్రశ్నకు జవాబు లేక చివరివాడు తుపాకి వదిలేస్తాడు. ఆమిష్ ధర్మాన్ని కథకు పూత పూయకుండా కథ ముడిని విప్పే సాధనంగా వాడుకున్న నేరకథ నాకు తెలిసి ఇంకొకటి లేదు. ఇంత గౌరవంగా తీసిన ఆ సినిమాకు కూడా ఆమిష్ పెద్దలు అభ్యంతరం చెప్పారన్నది మనం మరవకూడదు. తమ బతుకు వినోదం కావడమే వారికి ఇష్టం లేదు. ఆ తర్వాతి కాలంలో టీవీ వాళ్లు ఆమిష్ ముఠానాయకులంటూ, నిజమన్నట్టుగా నాటకాలు కట్టి చూపారు. లాంకాస్టర్ ప్రజలు నిరసన తెలిపింది అందుకే.

గంట మోగించడం గురించి చెబుతుంటే నాకు నికెల్ మైన్స్ అనే ఊరు గుర్తుకు రాకుండా ఉండదు. 2006 అక్టోబర్ 2న, ఇదే లాంకాస్టర్ కౌంటీలో, ఆమిష్‌వాడు కాని పాలబండి డ్రైవరొకడు ఒంటిగది బడిలోకి తుపాకులతో వచ్చాడు. బడిలో ఫోను లేదు; ఉపాధ్యాయురాలు పొలాలకు అడ్డంపడి పక్క ఇంటికి పరుగెత్తింది. అతడు మగపిల్లలను బయటికి పంపి పదిమంది ఆడపిల్లలను కాల్చాడు. ఐదుగురు చనిపోయారు. అతడు తననూ కాల్చుకున్నాడు. ఆ సాయంత్రమే ఆమిష్ ఇరుగుపొరుగు హంతకుడి కుటుంబాన్ని ఓదార్చడానికి వెళ్లారు. బిడ్డలను పాతిపెట్టిన తల్లిదండ్రులలో కొందరు అతడి అంత్యక్రియలకూ వెళ్లారు. తమకు వచ్చిన విరాళాల్లో కొంత అతడి భార్యాపిల్లలకు ఇచ్చారు. పదిరోజులకే ఆ బడిని కూల్చి నేలమట్టం చేశారు. అమ్మలారా, అయ్యలారా, మనలో పిల్లలున్నవారు ఒక్కసారి ఆలోచించండి. ఇది మనకు చేతనవుతుందా అని నేను అడగడం లేదు. ఇటువంటి మనుషులను పట్టుకుని, నల్లకోటు వెనుక కత్తి దాచిన అనుమానితులుగా, ముఖచిత్రంమీద టోపీకి నెత్తురు చుక్క అంటించి అమ్ముకోవడం సబబా అని అడుగుతున్నాను.

ఇంత చెప్పాక రెండోవైపు చెప్పకపోతే నేను ఆ సమాజంలోని ఆడపిల్లలకు అన్యాయం చేసినవాణ్నవుతాను. క్షమ అందరిమీదా ఒకేలా పడదు. కొన్ని ఆమిష్ సంఘాల్లో ఆడపిల్లపై లైంగిక దాడి జరిగితే, చేసినవాడు సంఘం ముందు పాపం ఒప్పుకుని, కొద్దివారాల వెలి అనుభవించి, తిరిగి వరుసలో కూర్చున్న ఉదంతాలు బయటపడ్డాయి. అప్పటినుంచి ఆ మాట ఎత్తితే తప్పు ఆ పిల్లదవుతుంది, క్షమించనందుకు. కేట్ బర్క్‌హోల్డర్ కథలో నన్ను కలవరపరిచేది హంతకుడు కాదు, వంటింట్లో కూర్చుని ఎవరికీ చెప్పవద్దని తీర్మానించిన కుటుంబం. నికెల్ మైన్స్‌లో నన్ను కంటతడి పెట్టించిన ధర్మమే ఇక్కడ ఒక పిల్ల గొంతు నొక్కింది. నేరకథ ఈ సమాజంలోకి అడుగుపెట్టడానికి హక్కు సంపాదించుకునేది ఈ చోటనే.

రాసే మిత్రులకు ఒక సంఘటన అప్పజెప్పి విరమిస్తాను. 2011లో ఒహాయోలోని బెర్గ్‌హోల్జ్ అనే చోట ఉండే ఒక ఆమిష్ బిషప్ అనుచరులు, ఆ బిషప్ మాట వినని ఇతర ఆమిష్‌వారిపై దాడులు చేసి మగవారి గడ్డాలు, ఆడవారి జుట్టు కత్తిరించారు. పెళ్లయిన ఆమిష్ పురుషుడికి గడ్డం విశ్వాస చిహ్నం. దెబ్బతిన్నవారిలో కొందరు ఫిర్యాదుకే నిరాకరించారు. మరికొందరు పోలీసుల దగ్గరికి వెళ్లారు. 2012లో ఫెడరల్ కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పారు. పదహారుమందికి శిక్ష పడింది. తర్వాత 2014లో అప్పీలు కోర్టు విద్వేషనేరం కింద పడిన తీర్పును కొట్టివేసింది, మరుసటేడు శిక్షలు తగ్గాయి. ఒకే విశ్వాసం, ఒకే గాయం. ఒకరు చెప్పారు, ఇంకొకరు చెప్పలేదు. ఫిర్యాదు చేయని ఇంటికి, చేసిన ఇంటికి మధ్య ఆ చలికాలమంతా ఏం మాటలు నడిచి ఉంటాయో రాసిన నవల నాకింతవరకు దొరకలేదు. మీలో ఎవరైనా చదివి ఉంటే, ఇప్పుడు టీ విరామంలో నాకు ఆ పుస్తకం పేరు చెప్పండి.