ఫ్యాను రెక్క మీద పేరు: సంస్కరణ ఆదివారం ప్రసంగం

సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు వందనాలు. సునాబెడ నుంచి, దమన్‌జోడి నుంచి షిఫ్టులు సర్దుకుని వచ్చినవాళ్లున్నారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను.

ఈ రోజు, సంఘ సంస్కరణకు నాంది పలికిన జర్మనీ సన్యాసి మార్టిన్ లూథర్ గురించి చెప్పుకోవడం ఆనవాయితీ. 1517 అక్టోబరు 31, 95 వాదాంశాలు, పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీద గొడవ ఇవన్నీ సండే స్కూలు పిల్లలు కూడా చెప్పేస్తారు. నన్ను పట్టుకునేది అంతకు ముందు సంగతి. 1505లో ఎర్ఫర్ట్ మఠంలో చేరిన లూథర్ ఉపవాసాలు చేశాడు, నిద్ర మానాడు, గంటల తరబడి పాపాలు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని వచ్చాక ఇంకోటి గుర్తొస్తే మళ్లీ వెళ్లేవాడు. ఎంత చేస్తే చాలో ఎవరూ చెప్పలేరు కదా, అదే ఆయన టెన్షన్. చివరికి బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక మొదటి అధ్యాయంలో ‘నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును’ అన్న మాట దగ్గర ఆయనకు ఊపిరాడింది.

1882లో ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన మిషనరీలు ఆ మాటే మన కోరాపుట్ కొండల్లో చెప్పారు. అప్పటికి కోరాపుట్, సాలూరు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడ్డాక ఘాటు దిగువన సాలూరు అటు, మనం ఇటు అయ్యాం. మన పెళ్లిళ్లు, చావుల రాకపోకలు మాత్రం ఆగలేదు. ఇన్ని తరాలుగా వింటున్నాం, పాటల్లో పాడుతున్నాం. నిజంగా నమ్మామా? నాకు అనుమానమే.

ఒకసారి తల పైకెత్తండి. ఆ మూడో ఫ్యాను రెక్కల మీద ఎర్ర పెయింటుతో ‘జ్ఞాపకార్థం’ అని, కింద పేరు, ఆ కింద ఊరు రాసి ఉంది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ కనబడదు, కరెంటు పోతే చదువుకోవచ్చు. నవ్వకండి, ఇచ్చినవారిని నేను తప్పు పట్టడం లేదు. వేసవిలో ఆ గాలికే కూర్చుంటున్నాం. కానీ రక్షణ గురించి, అంటే దేవుడు మనల్ని పాపం నుంచి విడిపించడం గురించి, ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో పౌలు ఏమన్నాడు? ‘అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు.’ ఆ వాక్యం కింద కూర్చునే మనం పేర్లు రాయించుకుంటున్నాం!

భూస్థాపన కూటాల్లో ఇది ఇంకా బాగా బయటపడుతుంది. ‘ఎంతమందికి అన్నం పెట్టింది మహాతల్లి, ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు, ఆమెకి కాక ఎవరికి దొరుకుతుంది పరలోకం’ అంటాం. ప్రేమతో అన్నదే, కాదనను. అయితే ఏ మంచీ చెప్పుకోవడానికి లేని తాగుబోతు పోయినప్పుడు మాటలు దొరక్క త్వరగా ప్రార్థన ముగించేస్తాం. సిలువ మీద యేసు పక్కన వేలాడిన దొంగకి దానధర్మాలు చేసే టైమెక్కడిది? ‘నన్ను జ్ఞాపకము చేసికొనుము’ అన్నాడు, అంతే. ఆ రోజే పరదైసు దొరికింది.

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు రోమా నాలుగో అధ్యాయం ఇట్టే తెలుస్తుంది. జీతం పడినట్టు ఫోనుకి మెసేజ్ రాగానే ఎవరైనా పరుగెత్తుకెళ్లి మేనేజరుకి దండం పెడతారా? మనం పనిచేశాం, వాళ్లు బాకీ తీర్చారు. పౌలు సరిగ్గా ఇదే అన్నాడు, పనిచేసేవాడికి జీతం ఋణమే గాని దానం కాదని. రక్షణ జీతమే అయితే దేవుడు మనకు బాకీ పడ్డట్టు. ఆ మాట అనే ధైర్యం ఎవరికుంది?

మా పక్కింటి ఒడియా మాస్టారు ఒకసారి అడిగారు, ‘నమ్మితే చాలంటారు కదా, మరి మీవాళ్లు మంచి పనులు ఎందుకు చేయాలి?’ అని. న్యాయమైన ప్రశ్న. మన కుర్రాళ్లలో కొందరు దాన్నే తమకు కలిసొచ్చేలా తిప్పుకుంటారు. నమ్మాం కదా, ఇక ఎలా ఉంటే ఏంటని. ఎఫెసీ రెండో అధ్యాయంలో, ఇందాక చెప్పిన తొమ్మిదో వచనం దగ్గర ఆగిపోయేవాళ్ల తంతు ఇది. పదో వచనంలో, సత్‌క్రియలు చేయడానికే మనం సృష్టింపబడ్డామని ఉంది. రక్షణ సంపాదించుకోవడానికి కాదు, రక్షణ దొరికింది గనుక. లెక్క రాసుకునే పని లేనివాడు ఎదుటివాడి అవసరం వంక చూడగలడు. లెక్క రాసేవాడి చూపంతా పుస్తకం మీదే ఉంటుంది.

కతోలిక బంధువులతో దీని మీద పోట్లాడే పెద్దలకు ఒక మాట. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ సమాఖ్య, కతోలిక సంఘం కలిసి నీతిమంతులుగా తీర్చబడటం, అంటే దేవుడు మనిషిని నీతిమంతుడిగా ఎంచడం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. అన్ని తేడాలూ తీరాయని కాదు. ఇది కృపవల్లనే అన్నదాంట్లో మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు. పెళ్లి విందుల్లో ఇక ఆ వాదన కట్టిపెట్టొచ్చు.

క్రియలు లేని విశ్వాసం మృతమని తన పత్రికలో రాసిన యాకోబు పౌలుకి ఎదురు చెప్పాడని కూడా అంటారు. ఇద్దరూ అబ్రాహామునే చూపిస్తారు. పౌలు ఆదికాండం 15వ అధ్యాయం దగ్గర నిలబడ్డాడు. అక్కడ అబ్రాహాము నమ్మాడు, అది నీతిగా ఎంచబడింది. యాకోబు 22వ అధ్యాయం దాకా వెళ్లి, ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన రోజు చూపిస్తాడు. ఈ రెండింటి మధ్య ఏళ్లు గడిచాయి. ముందు నమ్మకం, తర్వాత దాని నడక. యాకోబు కోపమంతా బట్టల్లేని సహోదరుడికి ఏమీ ఇవ్వకుండా ‘చలి కాచుకొనుడి’ అని దీవించి పంపేసేవాడి మీద. కోరాపుట్‌లో చలి మొదలైంది. బస్టాండు అరుగు మీద పడుకునేవాళ్లకు రగ్గులిద్దామని యువజనులు అనుకుంటున్నారు, ఆరాధన అయ్యాక వాళ్లను కలవండి. రగ్గుల మీద సంఘం పేరు కుట్టించొద్దు.