యాప్‌లో తెలుగు వంకరగా ఉంటే తిట్లు ఎవరికి పడాలి?

నమస్తే అండి, విజయవాడ నుంచి. యాప్‌లో తెలుగు కాస్త తేడాగా కనిపిస్తే చాలు, “ఎవడ్రా దీన్ని అనువదించింది?” అని మొదలుపెడతారు. చాలాసార్లు ఆ పాపం కోడ్ రాసినవాళ్లది.

బస్ టికెట్ల యాప్ అనుకుందాం. నెహ్రూ బస్టాండు నుంచి తెనాలి వెళ్లాలి.

[స్క్రీన్ మీద: “తెనాలికు టికెట్”]

తెనాలికు! మనలో ఎవరైనా ఇలా అంటామా? అనువాదకుడి చేతికి వచ్చింది “టికెట్ టు” అనే ముక్క, దాని పక్కన ఊరి పేరు కోసం ఒక ఖాళీ. ఆయన ఖాళీకి “కు” తగిలించాడు. గుంటూరుకు, ఏలూరుకు, అన్నీ బాగానే ఉన్నాయి. ఇకారంతో ముగిసే తెనాలి, మంగళగిరి వచ్చేసరికి “కి” కావాలి. ఆ సంగతి కోడ్‌కేం తెలుసు? “ఎక్కడికి: తెనాలి” అని రాసుకుంటే ఏ ఊరైనా ఇమిడిపోతుంది.

అదే బస్సులో సీట్లు చూద్దాం.

[స్క్రీన్ మీద: “1 సీట్లు ఉన్నాయి”]

ఇంగ్లీషులో చివర ఎస్ తగిలిస్తే సరిపోయిందని ప్రోగ్రామర్ ధీమా. మనకు సీటు సీట్లవడమే కాదు, ‘ఉంది’ కాస్తా ‘ఉన్నాయి’ అవుతుంది. కాబట్టి రెండు పూర్తి వాక్యాలు రాయాలి. అంకెను బట్టి ఏ భాషకు ఎన్ని రూపాలో, కంప్యూటర్లలో అక్షరాలకు ప్రమాణాలు పెట్టే యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్ అనే భాషా సమాచార భండారంలో ఉంటుంది: తెలుగుకు 2, జపనీస్‌కు 1, అరబిక్‌కు ఏకంగా 6. ఆండ్రాయిడ్‌లో ఈ రూపాలన్నీ ప్లూరల్స్ అనే చోట రాస్తే ఏది చూపాలో ఫోనే చూసుకుంటుంది. ఇంత వెసులుబాటు ఉన్నా వాక్యాన్ని ముక్కలు చేసి అతికించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట.

సరే, టికెట్ వద్దనుకున్నారు.

[“రద్దు చేయి” బటన్ క్లోజప్]

బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి బిగించేశారు. కింద ద-ఒత్తు తెగిపోయి “రదు” మిగిలింది. ఫాంట్ తగ్గించకండి, పెద్దవాళ్లకు అసలే కనిపించదు. బటనే అక్షరాన్ని బట్టి సాగాలి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. 1,00,000లో కామాలు చేత్తో పెట్టకండి, లొకేల్‌కు, అంటే ఫోన్‌లోని భాష, ప్రాంతం సెట్టింగ్‌కు వదిలేయండి. ఉర్దూ మన రాష్ట్రంలో రెండో అధికార భాష. అది పెడితే తెర మొత్తం కుడి నుంచి ఎడమకు తిరగాలి, వెనక్కి వెళ్లే బాణంతో సహా. అనువాదకుడికి స్క్రీన్‌షాట్లు కూడా పంపండి, పుణ్యం ఉంటుంది. అనువాదం రాకముందే ఆండ్రాయిడ్‌లో సూడోలొకేల్ అనే ఉత్తుత్తి భాష పెట్టి చూడండి. ఇంగ్లీషు మాటలనే గీతలు, చుక్కలు తగిలించి పొడుగ్గా సాగదీస్తుంది, ఎక్కడ పట్టదో తెలిసిపోతుంది. కోడ్‌లోనే నేరుగా రాసేసిన మాట మాత్రం మామూలు ఇంగ్లీషులో అలాగే ఉండిపోతుంది. దొంగ దొరికినట్టే.