సెస్నా 172 ఖర్చు, క్యామ్రీ ఖర్చు: లెక్క యాప్ చెప్పేసింది!

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ ఖర్చుల యాప్ వాళ్ళు నాకు ఏడాది పాటు ఫ్రీగా ఇచ్చారు. ఫీచర్లన్నీ మీరు చూసే ఉంటారు, అవి మళ్ళీ చదవను. ఒకవైపు మా క్యామ్రీ హైబ్రిడ్, ఇంకోవైపు నేనూ ఇంకో ఫ్రెండూ కలిసి కొన్న 1975 మోడల్ సెస్నా 172 చిన్న విమానం. రెండింటి ఏడాది బిల్లులూ ఎక్కించా, అంతే.

పెట్రోల్ సంగతి అందరూ అడుగుతారు. డల్లాస్ నుంచి ఆస్టిన్‌కి కారుకి నాలుగైదు గ్యాలన్లు. సెస్నా గంటకే ఎనిమిది తాగుతుంది, అదీ సీసం కలిపిన నీలం రంగు విమానాల పెట్రోల్, 100 ఎల్ఎల్. పైగా దిగాక ఊళ్ళోకి వెళ్ళాలంటే మళ్ళీ కారే! సరే, ఓర్చుకుందాం.

నా కడుపుమంటంతా యాన్యువల్ మీద, అదే, విమానానికి ఏడాదికోసారి చేయించాల్సిన తనిఖీ. టెక్సస్‌లో 2025 నుంచి సొంత కార్లకి సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. మా కౌంటీలో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. విమానమైతే 12 నెలలు దాటాయంటే, తనిఖీ అయ్యేదాకా ఎగరడానికి లేదు. మొన్న ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌లోకీ 80 పీఎస్ఐ ఒత్తిడితో గాలి పట్టించారు, ఎంత నిలుస్తుందో చూడ్డానికి. మూడు సిలిండర్లు 74, 76 దగ్గర నిలబడ్డాయి. నాలుగోది 52. మెకానిక్ పిలిచి, ఎగ్జాస్ట్ గొట్టం దగ్గర చెవి పెట్టమన్నాడు. పెట్టా. సుయ్ మంటోంది. ఎగ్జాస్ట్ వాల్వ్ కారుతోందన్నమాట. ఆ సుయ్ కి నా వాటా పదిహేను వందల డాలర్లు!

మా నాన్న చేతక్‌ని పక్కకి వంచి, ప్లగ్ విప్పి గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ కిక్ కొట్టేవాడు. అక్కడికి సర్వీసింగ్ అయిపోయేది. ఇక్కడ ప్లగ్గులు ఎనిమిది. వాటిని ఓనరే శుభ్రం చేసుకోవచ్చని రూల్ ఉంది లెండి, నేనే చేస్తా. ఆ పూట మాత్రం చేతక్ వాసనే వస్తుంది నాకు.

యాప్‌లో నన్ను చంపేసింది ఓవర్‌హాల్ కాలమ్, అంటే ఇంజన్ మొత్తం విప్పి బాగుచేయించే ఖర్చు. ఇంజన్‌కి కంపెనీ చెప్పిన ఆయుష్షు 2,000 గంటలు. ఎగిరిన ప్రతి గంటకీ 15 డాలర్లు పక్కన పెట్టమని ఎర్రగా గుర్తు చేస్తుంది. పెడితే అప్పటికి 30 వేలు. ఇప్పటి రేట్లకి అదీ చాలదు.

పోయినేడు నేను ఎగిరింది 46 గంటలు. హ్యాంగర్, ఇన్సూరెన్స్, పెట్రోల్, ఆ సుయ్, అన్నీ కలిపితే నా వాటాకే గంటకి 187 డాలర్లు పడింది. ఇదివరకు అద్దె విమానానికి 160 ఇచ్చేవాణ్ణి. నవ్వకండి. లోన్ తీరిపోయిన క్యామ్రీకి ఏడాది మొత్తం అయింది, విమానానికి ఏడాదిలో నా వాటాకి పడినదాంట్లో మూడో వంతు కూడా లేదు.

అమ్మేస్తావా అంటే, ఏప్రిల్‌లో రెండు వేల అడుగుల మీంచి బ్లూబానెట్ పూల చేలు చూసొచ్చినవాణ్ణి, నన్నడక్కండి.

యాప్ బాగుంది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. అందుకే ఫోన్‌లోంచి తీసేశా.